అండమాన్‌లో ఎస్సీలు లేరట, మరి మేమెవరం?

మొన్న సెలవులకు ఆస్టినాబాద్‌లోని మా ఇంటికి వెళ్లాను. చిన్నాన్న కూతురు లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. బెంగళూరులో ఫిజియోథెరపీ డిగ్రీ చదివింది. ఇంటర్న్‌షిప్ కూడా అయిపోయింది. ఇప్పుడు ఎంపీటీకి దరఖాస్తు పెడుతోంది. మార్కులు, ఫొటో, సంతకం అన్నీ ఎక్కించి ఒక్క చోట ఆగిపోయింది.

"అక్కా, సొంత రాష్ట్రం అని అడిగిన చోట అండమాన్ అని పెట్టాను. కింద కులం సర్టిఫికెట్ ఇచ్చిన రాష్ట్రం ఏదని అడుగుతున్నారు. అక్కడ ఆంధ్రప్రదేశ్ అని పెడితే ఫారం చెల్లదా?"

ఈ ప్రశ్నకు జవాబు తెలియకే నా చదువులో ఒక ఏడాది పోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

మా తాత 1970లలో శ్రీకాకుళం జిల్లాలోని ఒక మాలపల్లె నుంచి విశాఖలో ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్‌లో దిగాడు. ఆయనతో భూమి లేదు, చదువు లేదు, కులం సర్టిఫికెట్ అసలే లేదు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థి కుటుంబాలకు ప్రభుత్వం పునరావాసం కింద భూమి ఇచ్చింది. కూలికి వచ్చిన తెలుగువాళ్లకు కూలే మిగిలింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 13 శాతం. రోడ్లు వేసిన చేతుల్లో, ఇళ్లు కట్టిన చేతుల్లో, ఓడల నుంచి సరుకు దించిన చేతుల్లో మావాళ్లవి చాలా ఉన్నాయి.

మా నాన్నవీ ఆ చేతులే. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా కట్టడం పనిలో పరంజా మీద నుంచి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. కట్టు వేశారు, ఎముక అతికింది. కానీ వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. ఆ తర్వాత ఆయన తాపీ పట్టుకోలేదు. అన్నం కూడా చెంచాతోనే తింటాడు. అది తలరాత అనుకున్నాం. ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ మూడో ఏడాదిలో చేతి చికిత్స పాఠం చెబుతుంటే నాకు అర్థమైంది. కట్టు విప్పిన వారం నుంచి సరైన స్ప్లింట్ పెట్టి, వేళ్లను రోజూ కదిలించి ఉంటే, ఆ చెయ్యి చాలావరకు తిరిగి పనికి వచ్చేది. ఆ రోజు క్లాసులో నేను నోట్సు రాయలేకపోయాను.

ఫిజియోథెరపీ మనిషిని లేపి నిలబెడుతుంది, నడిపిస్తుంది. ఆక్యుపేషనల్ థెరపీ ఆ మనిషికి చొక్కా గుండీ పెట్టుకోవడం, ముద్ద కలుపుకోవడం, మళ్లీ పనిలోకి వెళ్లడం నేర్పుతుంది. ఒంటి కష్టం మీద బతికే కులాలకు ఈ రెండు చదువుల అవసరం ఎంతుందో చెప్పనక్కర్లేదు. కానీ ఆ చదువుల పీజీ సీట్లలో మనవాళ్లు ఎందరున్నారు?

పోటీ మామూలుగా ఉండదు. కటక్ దగ్గరి ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద సంస్థ, కోల్‌కతాలోని ఎన్‌ఐఎల్‌డీ వంటి కేంద్ర సంస్థల్లో ఎంపీటీ, ఎంఓటీ సీట్లకు దేశమంతటి నుంచి పరీక్ష రాస్తారు. సీట్లు కొద్ది. ఒక విభాగంలో ఆరు సీట్లే ఉన్నాయనుకోండి, 15 శాతం అంటే ఒక్క సీటు కూడా నిండదు. ఆ ఒక్కటి రోస్టర్‌లో ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడాలి. ప్రైవేటు కాలేజీల ఫీజులు మా ఇళ్లు మోయలేవు. అమెరికాలోనైతే చాలా కాలేజీలు దరఖాస్తుతో పాటు థెరపిస్టు పక్కన ఇన్ని గంటలు గడిపినట్టు రుజువు అడుగుతాయి. జీతం లేకుండా అన్ని గంటలు ఎవరు గడపగలరు? ఎక్కడైనా తలుపు దగ్గర అడిగేది మార్కులొక్కటే కాదు. మమ్మల్ని అడిగేది ఊరి పేరు.

డిగ్రీకి అండమాన్ పాలనా యంత్రాంగం పంపిన విద్యార్థిగా చేరాను కాబట్టి అప్పుడు నా కులం ప్రస్తావన రాలేదు. ఎంఓటీకి మాత్రం ఎస్సీ కేటగిరీలో పరీక్ష రాశాను. సీటు వచ్చే ర్యాంకే వచ్చింది. కౌన్సెలింగ్ రోజున కాగితాలు చూసే ఉద్యోగి నా ఆధార్ చూశాడు, స్కూలు సర్టిఫికెట్ చూశాడు. "అండమాన్‌లో ఎస్సీలు లేరు కదమ్మా" అన్నాడు. చాలా మామూలుగా, మర్యాదగానే అన్నాడు. మూల రాష్ట్రం నుంచి నా పేరు మీద సర్టిఫికెట్ తెమ్మని కొద్ది రోజులు గడువిచ్చారు. నాన్న ఓడెక్కి మూడు రోజులు ప్రయాణం చేసి తాత ఊరు వెళ్లాడు. అక్కడ ఆఫీసులో, "మీకిక్కడ ఇల్లు లేదు, రేషన్ కార్డు లేదు, ఓటు లేదు. మీరు మా ఊరివాళ్లని ఎలా నమ్మేది?" అన్నారు. చివరికి పల్లెలో ముసలివాళ్లు వచ్చి సాక్ష్యం చెబితే కాగితం చేతికొచ్చింది. అప్పటికి సీటు వేరేవాళ్లకు వెళ్లిపోయింది.

ఆ ఉద్యోగి అబద్ధం చెప్పలేదు. రాజ్యాంగంలోని 341వ అధికరణ కింద షెడ్యూల్డ్ కులాల జాబితా ఏ రాష్ట్రానికి, ఏ కేంద్రపాలిత ప్రాంతానికి ఆ ప్రాంతంగా ప్రకటిస్తారు. అండమాన్ నికోబార్ దీవులకు ఎస్టీ జాబితా ఉంది, 1959లో ఇచ్చారు. ఓబీసీ జాబితా ఉంది. అందులో 1942కు ముందు స్థిరపడినవాళ్లు, బెంగాలీ శరణార్థులు, కరెన్లు, మోప్లాలు, భాంటూలు ఉన్నారు. ఎస్సీ జాబితా లేనే లేదు. కాగితం మీద ఇక్కడ దళితుడే లేడు.

మరి ఆంధ్రకు వెళితే? అక్కడ 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివితేనే స్థానికులు. స్కూలు దీవుల్లో, డిగ్రీ వేరే రాష్ట్రంలో చదివిన మా బోటివాళ్లం అక్కడ పరాయివాళ్లం. అండమాన్‌లో నేను స్థానికురాలిని, ఎస్సీని కాను. ఆంధ్రలో నేను ఎస్సీని, స్థానికురాలిని కాను. మధ్యలో ఉన్నది బంగాళాఖాతం.

ఈ గోడకు తలకొట్టుకున్న మొదటి తెలుగు విద్యార్థిని నేను కాదు. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల చిన్నతనంలోనే బొంబాయి వెళ్లిన మర్రి చంద్రశేఖరరావు అక్కడ ఎస్టీ కోటాలో మెడికల్ సీటు అడిగాడు. ఆంధ్రలో ఎస్టీ అయితే మహారాష్ట్రలోనూ ఎస్టీ కావాలని లేదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ కేసులో ప్రతివాది సేఠ్ జీఎస్ మెడికల్ కాలేజీ డీన్. ఆ కాలేజీ ఆసుపత్రి కేఈఎంలోనే 1950లో దేశంలో మొదటి ఆక్యుపేషనల్ థెరపీ స్కూలు మొదలైంది. నా చదువు పుట్టిన ఆవరణా, నా దారికి అడ్డుపడిన తీర్పులోని ఆవరణా ఒకటే. అయితే అదే తీర్పులో కోర్టు, ఇలాంటివాళ్ల హక్కులు నిజంగా అందేలా తగిన చట్టం గురించి పార్లమెంటు ఆలోచించాలని కూడా అంది. ఆ మాట ఇన్నేళ్లూ అక్కడే పడి ఉంది.

1949 సెప్టెంబరులో ఈ అధికరణను రాజ్యాంగ సభ ముందు పెట్టింది బాబాసాహెబే. ఒకసారి ప్రకటించిన జాబితాను మార్చే అధికారం పార్లమెంటుకే ఉండాలన్నారు. రాజకీయాల కోసం ఎవరూ ఇష్టమొచ్చినట్టు పేర్లు తీసేయకూడదని, కలపకూడదని ఆ తాళం వేశారు. తాళంచెవి ఉన్నవాళ్లు మా వైపు చూడకపోవడం ఆయన తప్పు కాదు. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు ఒక్క ప్రకటనతో శ్రీ విజయపురం అయింది. పేర్లు మార్చడం ఢిల్లీకి ఎంత తేలికో మాకు తెలుసు.

"దీవుల్లో కులం లేదు, ఇది మినీ ఇండియా" అంటారు. కులం లేకపోతే పెళ్లి సంబంధం అనగానే శ్రీకాకుళం ఎందుకు పరిగెడతారు? ఏ పల్లె, ఏ వీధి అని ఎందుకు ఆరా తీస్తారు? ఓడలో తాతతో పాటు కులమూ దిగింది. దిగనిది రక్షణ ఒక్కటే.

నికోబారీలు, ఓంగీలు, జారవాలు ఈ దీవుల మొదటి మనుషులు. వాళ్ల వాటాలో గింజ కూడా మాకొద్దు. మేమడిగేవి మూడు.

ఒకటి, పాలనా యంత్రాంగం మెయిన్‌లాండ్‌కు పంపే వృత్తివిద్య సీట్లలో, మూల రాష్ట్రంలో ఎస్సీలైన దీవుల కుటుంబాల పిల్లలకు వాటా ఉండాలి. ఢిల్లీ ఉద్యోగాల్లో ఏ రాష్ట్రపు ఎస్సీకైనా రిజర్వేషన్ వర్తించడం సబబేనని 2018లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అది ఉద్యోగాల మాటే, నిజం. కానీ కేంద్రం నేరుగా పాలించే చోట ఒక దారి ఉండొచ్చని అది చూపింది.

రెండు, తండ్రికి మూల రాష్ట్రం ఇచ్చిన సర్టిఫికెట్ చూసి, వలస వచ్చిన చోటి అధికారులే పిల్లలకు సర్టిఫికెట్ ఇవ్వవచ్చని కేంద్ర హోం శాఖ 1982లోనే చెప్పింది. అది అమలు చేయండి. తండ్రికే కాగితం లేని ఇళ్ల కోసం ఆంధ్ర రెవెన్యూ అధికారులతో కలిసి ఇక్కడే శిబిరాలు పెట్టండి.

మూడు, కేంద్ర సంస్థలు తమ ప్రాస్పెక్టస్‌లో ఒక్క వాక్యం చేర్చాలి. నివాసముండే చోటు, కులం సర్టిఫికెట్ ఇచ్చిన రాష్ట్రం ఒకటే కానక్కర్లేదు అని.

దరఖాస్తు పెట్టబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాదొక్క మాట. ర్యాంకు కోసం చదివే ముందే కాగితం కోసం బయలుదేరండి. సర్టిఫికెట్ మీ పేరు మీద, కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉందో లేదో చూసుకోండి. ఊళ్లో మీ తాతను ఎరిగిన ముసలివాళ్లు బతికుండగానే వెళ్లండి.

నేను మరుసటి ఏడాది మళ్లీ రాశాను, సీటు తెచ్చుకున్నాను, ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆ రోజు చెల్లి ఫారంలో రెండు గళ్లలో రెండు వేర్వేరు పేర్లు పెట్టించాను. "తప్పు కాదా అక్కా?" అంది. కాదన్నాను. అవతలి గదిలో నాన్న ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని టీ తాగుతున్నాడు.

జై భీమ్.