బరువే బలమా?

టాంకు ఎంత బరువైన అంత బలమను విశ్వాసము మన సైనికశాఖలో చిరకాలముగ పాతుకొనియున్నది. నూతన అర్జును టాంకు 68 టన్నులు తూగును. అట్టివి 118 నిర్మింప 2021లో ఆజ్ఞయిచ్చిరి. రాజస్థానపు ఇసుకనేలపై అది పోరాడగలదు; మేము కాదనము. కాని లడఖులో పలుచని గాలికి ఇంజను రొప్పును. కొండవాగులపై వంతెన యా భారమున కోర్వవలెను.

ఇది మనకు తెలియని సంగతి కాదు, తెలిసి మరచినది. 1948 నవంబరు 1వ తేదీన, దాదాపు 11,500 అడుగుల యెత్తునగల జోజిలా కనుమలో 7వ లైట్ కావల్రీవారి స్టూవర్టు తేలికటాంకులు ప్రత్యక్షముకాగా శత్రువులు నివ్వెరపోయిరి. బలహీనమైన వంతెనలు దాటుటకై వాని గోపురముల నూడదీసి తెచ్చిరి. కనుమకు బాట తీర్చినవారు మదరాసు సాపర్లు. 1962లో ఫ్రెంచివారి ఏ.ఎమ్.ఎక్స్. తేలికటాంకులు విమానమెక్కి చుషూలున దిగినవి. పిమ్మట ఆ జాతినే సేననుండి తొలగించి, వారసులను కల్పింపక ఊరకుండినవారెవరు? 2020లో గల్వానున 20 మంది జవానులు నేలకొరిగినపిమ్మటగాని యీ ప్రశ్న ఏలినవారి చెవి సోకలేదు. అప్పటికే చీనావారు సుమారు 33 టన్నుల తేలికటాంకును సిద్ధపరచుకొనియుండిరి. మనవారు 40 టన్నులకు మించిన రష్యా టాంకులనే కొండలెక్కించిరి. ఎక్కించిన సైనికులకు మా జోహారులు. ఆ గతి తెచ్చినవారికి కాదు.

ఇప్పుడు 25 టన్నుల జొరావర్ వచ్చినది. 2024 జూలైలో హజీరాలో దానిని చూపిరి. డిసెంబరులో 4,200 మీటర్లకు పైయెత్తున గుండ్లు కాల్చిరి. సంతోషమే. కాని ఇంజను అమెరికాది. ఫిరంగిగోపురము బెల్జియము కంపెనీది. మొదట జర్మనీ ఇంజనును కోరి, ఆ దేశపు అనుమతికై పడిగాపులు పడి, తుదకు అమెరికా వాకిటికి పోయితిమి. రేపు యుద్ధము మధ్య ఆ వాకిలి మూసికొనిన?

హైదరాబాదునకు చేరువనున్న ఎద్దుమైలారము కర్మాగారమున మన కార్మికులు సుమారు 14 టన్నుల ‘సారథ్’ శకటములను ఏండ్లతరబడి నిర్మించిరి. చేతిపనికి కొదవలేదు. అదియు రష్యా నమూనాయే! స్వంత ఇంజను పరిశోధనకు ధనమిచ్చి ఓపికపట్టు ప్రభుత్వమే మనకు కొదవ.

పలుచని కవచము డ్రోనుల కాగునా యని కొందరు పెదవి విరచుచున్నారు. 2022 నుండి ఉక్రెయిను పోరున బరువైన టాంకులును చవుక డ్రోనులకు కాలినవి గదా! డ్రోనులకు వేరుపాయము వెదకవలసినదే. అది పాత భ్రమకు తిరిగిపోవుటకు సాకు కారాదు.

సేనవారు కోరిన జొరావర్ టాంకులు 354. వానిలో ఎన్నవదానికి స్వదేశపు ఇంజను బిగింతురు? రక్షణమంత్రిత్వశాఖవారు సంవత్సరము పేర్కొని జవాబు చెప్పవలెనని మేము కోరుచున్నాము.