పదిహేను రోజుల జీతం లెక్క

ఫ్యాక్టరీ మూస్తే చట్టం ఇప్పించేది పనిచేసిన ఏడాదికి పదిహేను రోజుల సగటు వేతనం. ఇరవై ఏండ్లు చెమటోడిస్తే పది నెలల జీతం. గంతే! అదన్నా అడగకుండ చేతికొస్తదా?

నిజాం షుగర్స్‌ను 2002లో ప్రైవేటుకు అప్పజెప్పినప్పుడు పరాయి పాలన అన్నం. మరి స్వరాష్ట్రంల, 2015 డిసెంబరులో బోధన్, మెట్‌పల్లి, మెదక్ యూనిట్లు లే-ఆఫ్ అయితే ఏమందాం? కార్మికులు బకాయిల కోసం రోడ్డెక్కాల్సి వచ్చింది.

వంద మంది ఉన్న ఫ్యాక్టరీని మూయాలన్నా పాత చట్టంల సర్కారు అనుమతి కావాలె. 2025 నవంబరు 21 నుంచి అమలైన కొత్త కోడ్ దాన్ని మూడు వందలు చేసింది. 299 మందిని బజార్ల పడేస్తే అడ్డంబడే సర్కారే లేదు. కాంట్రాక్టు కార్మికునికైతే మస్టర్‌ల పేరే సక్కగుండదు, 240 రోజుల పని ఎట్ల రుజువు చేస్తడు?

కార్మికుల బాకీ తీరేదాకా ఫ్యాక్టరీ భూమి గజం కూడా అమ్మనియ్యొద్దు.