గుండెకు మందు డ్యూటీ చార్టులోనే

పోలీసు కొలువులో గుండెపై రెండు రకాల భారం పడుతుంది. ఒకటి క్షణాల్లో మీద పడేది, రెండోది ఏళ్ల తరబడి పేరుకునేది.

నిందితుణ్ని తరిమేటప్పుడు, పెనుగులాడి పట్టుకునేటప్పుడు ఒంట్లో అడ్రినలిన్ ఒక్కసారిగా పెరుగుతుంది. గుండె వేగం, రక్తపోటు పైకి ఎగబాకుతాయి. రక్తనాళాల్లో అప్పటికే కొవ్వు పేరుకున్నవారికి ఆ క్షణమే ప్రాణాంతకం కావచ్చు. అమెరికాలో 1984 నుంచి 2010 వరకు విధుల్లో ఉండగా హఠాత్తుగా గుండె ఆగి మరణించిన 441 మంది పోలీసుల వివరాలను పరిశోధకులు పరిశీలించారు. మామూలు విధులతో పోలిస్తే పెనుగులాట సమయంలో ముప్పు 34 నుంచి 69 రెట్లు ఎక్కువని తేల్చారు. ఈ ఫలితాలను 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించింది.

రెండో భారం కంటికి కనిపించదు. నైట్ డ్యూటీ నిద్రను చెడగొడుతుంది. బందోబస్తులో భోజనం వేళకు అందదు. అలసటను టీతో, సిగరెట్టుతో నెట్టుకొస్తారు. ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్ ఎప్పుడూ హెచ్చుగా ఉంటే బీపీ, షుగర్, నడుం చుట్టూ కొవ్వు పెరుగుతాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం, పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి.

మన పోలీసులు ఈ గీత ఎప్పుడో దాటారు. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీతో కలిసి కేంద్ర పోలీసు పరిశోధనాభివృద్ధి సంస్థ 2014లో వెలువరించిన నివేదిక ప్రకారం, స్టేషన్ సిబ్బందిలో సుమారు 90 శాతం రోజుకు ఎనిమిది గంటలకు మించి పనిచేస్తున్నారు. దాదాపు ముప్పావు వంతు మందికి నెలకు ఒక్క వీక్లీ ఆఫ్ కూడా దొరకడం లేదు. సగటు పనివేళ 14 గంటలని 2019లో ఢిల్లీకి చెందిన సీఎస్‌డీఎస్, కామన్ కాజ్ సంస్థల సర్వే చెప్పింది.

దారి లేకపోలేదు. ముంబైలోని దేవనార్ స్టేషన్‌లో 2016లో ఎనిమిది గంటల షిఫ్టు ప్రయోగం మొదలైంది. ఆంధ్రప్రదేశ్ 2019లో పోలీసులకు వీక్లీ ఆఫ్ ప్రకటించింది. ఇలాంటివి నిలవాలంటే ఖాళీలు నిండాలి. తెలంగాణలో ‘ఆరోగ్య భద్రత’ పథకం చికిత్స ఖర్చుకు ఆసరా. అయితే జబ్బు రాకముందే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు ఏటా జరగాలి. బీపీ బయటపడిన కానిస్టేబుల్‌కు తేలిక డ్యూటీ ఇవ్వడాన్ని శిక్షగా చూడకూడదు. యోగా శిబిరం మంచిదే, కానీ నిద్రలేని మనిషికి ముందు కావలసింది నిద్ర.

ఈ మార్పు రేపటి పోలీసు అధికారుల చేతిలోనూ ఉంది. ఢిల్లీలో ఐఐటీ పక్కనున్న జియా సరాయ్ ఇరుకు గల్లీల్లో, కోచింగ్ సెంటర్ల నడుమ, అద్దె గదుల్లో ఎందరో పోటీ పరీక్షలకు చదువుతుంటారు. వారిలో ఐపీఎస్‌కు ఎంపికైనవారు హైదరాబాద్‌లోని జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణ పొంది జిల్లాలకు వెళతారు. కింది సిబ్బంది పనివేళలు అప్పుడు వారి చేతికి వస్తాయి. ఈ రాత్రి తమ గల్లీ చివర కాపలా కాసే కానిస్టేబుల్ ఎన్ని గంటలుగా నిలబడి ఉన్నాడో ఇప్పుడు చదువుతున్నవారు గమనించాలి. రేపు సంతకం చేసే ప్రతి డ్యూటీ చార్టులో అతని నిద్రకూ, సెలవుకూ చోటు ఉంచాలి.