ఫోటో తీసినాయన పేరు తెలుసు, ఫోటోలో ఉన్నామె ఎవరు?



పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి. పోయిన వారం మన గ్రూపులో ఒక పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటో మళ్లీ తిరిగింది. మెడ నిండా పూసలు, కెమెరాకేసి సూటిగా చూస్తున్న గోండు ఆడబిడ్డ. కింద 'హైమన్‌డార్ఫ్ గారు తీసిన అరుదైన చిత్రం' అని రాసి ఉంది. అందరం లైకులు కొట్టినం. ఆమె ఎవరు అని ఒక్కరం అడగలేదు. నేనూ అడగలేదు.

హైమన్‌డార్ఫ్ గురించి మనకు ఎంత తెలుసో చూడండి. 1909లో వియన్నాలో పుట్టిండు. 1936లో నాగా కొండలకు వచ్చి, 1939లో 'ద నేకెడ్ నాగాస్' అని పుస్తకం తెచ్చిండు. బట్టల్లేని నాగాలు అని! ఆ పేరు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అదే ఏడాది యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను అప్పటికే హిట్లర్ కలిపేసుకున్నందున ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. దాంతో బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశస్తుడు అయిపోయి, నిజాం రాజ్యంలో ఉండాల్సి వచ్చింది. అట్లా మన చెంచుల దగ్గరికి, కొండరెడ్ల దగ్గరికి, గోండుల దగ్గరికి చేరిండు. 1943, 1945, 1948ల్లో మూడు తెగల మీద మూడు పుస్తకాలు వచ్చినయ్. తీసిన ఫోటోలు వేలల్లో ఉన్నయ్, అవి లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నయ్. భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లో చనిపోతే మన మార్లవాయిలోనే సమాధి చేసిండ్రు.

ఆయన మీద గౌరవం తగ్గించాలని రాయట్లేదు. మార్లవాయిలో గోండు టీచర్లకు ట్రైనింగ్ పెట్టించిన మనిషి. పుస్తకాల్లో చాలామంది మనవాళ్ల పేర్లు కూడా రాసిండు. ఆ పేర్లు రాలిపోతున్నది మన ఫార్వార్డుల్లో. ఫోటో తీసినాయన పేరు, చదువు, పెళ్లి, పాస్‌పోర్టు సహా మనకు నోటికొచ్చు. ఫోటోలో ఉన్న మనిషి మాత్రం 'గోండు మహిళ', 'చెంచు వేటగాడు'.

పాత ఫోటోలు కదా, పేర్లు ఎక్కడ దొరుకుతాయ్ అంటారేమో. దానికి అరవై ఏండ్ల ముందే ఒకాయన రాసి పెట్టిండు. సోఫస్ ట్రోమ్‌హోల్ట్, డెన్మార్క్ మనిషి, బడి పంతులు. ఉత్తర ధ్రువం వైపు రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగుల మీద ఆయనకు పిచ్చి. వాటి కోసం 1882లో నార్వే ఉత్తరాన కౌటొకైనో ఊరికి పోయిండు. అది రెయిన్‌డీర్లు మేపుకునే సామి ఆదివాసుల ఊరు. ఆ వెలుగులు కెమెరాకు చిక్కలేదు. చలికాలం అంతా అక్కడే ఉన్నోడు అక్కడి మనుషులను ఫోటోలు తీసిండు, ఎవరు ఎవరో పేర్లు రాసుకున్నడు. అంతే. పెద్ద సిద్ధాంతమేమీ లేదు, ఊర్లో ఉన్నోడు కాబట్టి పేర్లు తెలిసినయ్. 1884లో ఫ్రాన్స్ నుంచి ప్రిన్స్ రోలాండ్ బోనపార్ట్ బృందం వచ్చి అదే సామి వాళ్లను ఎదురుగా ఒకటి, పక్కకు తిప్పి ఒకటి తీసింది, తలల కొలతలు రాసుకుంది. ఈ రెండు రకాల ఫోటోలు పక్కపక్కన పెట్టి చూడండి, తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. ట్రోమ్‌హోల్ట్ 1896లోనే చనిపోయిండు. ఆయన గాజు ప్లేట్లు బెర్గెన్ యూనివర్సిటీలో ఉన్నయ్, 2013లో యునెస్కో కూడా గుర్తించింది.

మన దగ్గర టైం తక్కువుంది. 1943లో పదేండ్ల పిల్ల ఇప్పుడు బతికుంటే తొంభై దాటింది. ఆమె పోయినాక 'ఇది మా మేనత్త' అని చెప్పేవాళ్లు ఉండరు. మా ఊర్లో ఒక ముసలవ్వకు ఫోన్‌లో ఇట్లాంటి ఫోటో చూపిస్తే మనిషిని గుర్తుపట్టలేదు గానీ, మెడలో పూసల వరస చూసి 'ఇది మనవైపుది కాదురా, సిర్పూర్ వైపుది' అన్నది. అంత మాట ఏ ఫార్వార్డులో ఉంది?

నేను ఒక ఇరవై ఫోటోలు పెద్ద సైజులో ప్రింట్ తీయిస్తున్న. ఫోన్ స్క్రీన్ మీద అవ్వలకు కనబడదు. జనవరి 11న బెట్టీ గారి వర్ధంతికి మార్లవాయి వచ్చేటోళ్లు మీ ఊరి పెద్దవాళ్లను ఒకరిద్దరిని వెంట తీసుకురండి. నోట్‌బుక్ నేను తెస్త. వాళ్లు గోండిలో ఏం చెప్తే అది తెలుగు అక్షరాల్లో రాసుకుందాం. తెచ్చేటోళ్లు కింద కామెంట్‌లో ఊరి పేరు పెట్టండి.