స్పీకరు వద్దు, శాంప్లర్ కొందాం

ఫెస్ట్ దగ్గరపడుతోందంటే కల్చరల్ కమిటీ గ్రూపులో ఒకటే చర్చ. ఈసారి సౌండ్ ఎంత పెడదాం? ఇంకో రెండు బేస్ బాక్సులు తెప్పిద్దామా? లైట్లు సరిపోతాయా? ఈ సంవత్సరం ఆ డబ్బులో కొంత వేరే దానికి పెట్టాలని నా ప్రతిపాదన. మన డీజే సెటప్‌కి ఒక హార్డ్‌వేర్ లూప్ శాంప్లర్ కలుపుదాం. దాంతోపాటు ఒక షరతు ఉంది. నిజం చెప్పాలంటే ఆ షరతు కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను.

సాహితీ క్లబ్ పత్రికలో డీజే గోలేంటి అని కొందరికి అనిపించొచ్చు. ఒక చిన్న ముక్క తీసుకుని, దాన్నే మళ్లీ మళ్లీ వినిపిస్తూ, ప్రతిసారీ దాని పక్కన కొత్తది పెట్టడం మనకి తెలియనిదా? పాటకి పల్లవి ఉంది. శతకానికి మకుటం ఉంది. బతుకమ్మ పాటలో ప్రతి వరసకీ ఒకే మాట తిరిగొస్తుంది. డప్పు మీద దరువు కూడా అంతే. లూప్ అనే ఇంగ్లీషు పేరు ఒక్కటే కొత్త.

అసలు ఏంటిది?

శాంప్లర్ అంటే ఓ లావు నోట్‌బుక్ అంత పెట్టె. పైన రబ్బరు బటన్లు ఉంటాయి, వాటిని ప్యాడ్స్ అంటారు. ఏ శబ్దాన్నైనా మైకుతోనో కేబుల్‌తోనో దాంట్లోకి రికార్డు చేసి, కావలసినంత ముక్క కత్తిరించి ఒక ప్యాడ్‌కి ఇస్తాం. ప్యాడ్ నొక్కితే ఆ ముక్క మోగుతుంది. లూప్‌లో పెడితే ఆపేదాకా తిరుగుతూనే ఉంటుంది.

ఈ ఆలోచన మిషన్ కంటే ముందే పుట్టింది. న్యూయార్క్ బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే డీజే 1973 ఆగస్టు 11న వాయించిన పార్టీని హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. పాటలో డ్రమ్స్ ఒక్కటే మోగే చోట జనం ఎక్కువ ఊగుతున్నారని ఆయన గమనించాడు. ఆ చోటు నాలుగు సెకన్లో ఐదు సెకన్లో ఉంటే ఏం లాభం? అందుకని ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టుకుని, ఒకదాంట్లో ఆ ముక్క అయిపోగానే రెండోదాంట్లో మొదలుపెట్టి సాగదీశాడు. ఆ పని మిషన్‌కి అప్పజెప్పింది తర్వాతి కాలం. 1987లో వచ్చిన ఈ-ము ఎస్పీ-1200లో మొత్తం కలిపి పట్టేది దాదాపు 10 సెకన్ల శబ్దమే. మన వాట్సాప్ వాయిస్ మెసేజ్ కూడా పట్టని ఆ మెమరీతో ఎన్నో ఆల్బమ్‌లు చేశారు. 1988లో అకాయ్ ఎంపీసీ-60 వచ్చింది, 4×4 వరసల్లో 16 ప్యాడ్లతో. ఇవాళ్టి మిషన్ల మీద ఉండేది కూడా చాలావరకు అదే అమరిక. 2021లో వచ్చిన రోలండ్ ఎస్పీ-404 మార్క్ 2 బరువు కిలో పైచిలుకు, ఆరు పెన్‌సెల్ బ్యాటరీలతో కూడా నడుస్తుంది.

ల్యాప్‌టాప్‌లో ఉంది కదా?

ఉంది. సెరాటోలో, రెకార్డ్‌బాక్స్‌లో, వర్చువల్ డీజేలో లూప్ బటన్ ఉంది, శాంప్లర్ ప్యాడ్స్ కూడా ఉన్నాయి. హార్డ్‌వేర్ చేసే ప్రతి పనీ సాఫ్ట్‌వేర్ చేయగలదు. సీఎస్ఈ వాడిగా ఆ మాట కాదనలేను. తేడా ఉన్నది ఎవరు వాయిస్తారన్న చోట.

ల్యాప్‌టాప్ ముందు ఒక్కడే నిలబడగలడు. మిగిలినవాళ్లం పక్కన నిలబడి "అన్నా, ఆ పాట వెయ్యన్నా" అంటాం. శాంప్లర్ విడిగా ఉండే పెట్టె కాబట్టి రెండో మనిషికి చోటు దొరుకుతుంది. డీజే పాట నడిపిస్తుంటే పక్కవాడు దాని మీద దరువు వేస్తాడు. మౌస్ పట్టని వాడు కూడా ప్యాడ్ కొట్టగలడు. ఇంకోటి, అప్‌డేట్ అడిగి ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అయినా శాంప్లర్‌లో లూప్ ఆగదు. జనం ఆగిపోయి స్టేజి వైపు చూసే ఆ రెండు నిమిషాలు ఎంత పొడుగ్గా ఉంటాయో ఫెస్ట్‌కి వచ్చినవాళ్లకి చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా పెద్ద కారణం, ఖాళీ పెట్టె చేతికి వస్తే ఏదో ఒకటి రికార్డు చేయాలనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లో ముందే నింపిన ప్యాక్‌లు ఉంటాయి. ఎయిర్ హారన్, సైరన్, నాలుగు సినిమా డైలాగులు. ఏ ఊరి డీజే విన్నా అవే.

కలిపేటప్పుడు చూసుకోవాల్సినవి

శాంప్లర్‌ని మూడు రకాలుగా కలపొచ్చు. మొదటిది, దాని అవుట్‌పుట్‌ని మిక్సర్‌లో ఖాళీగా ఉన్న చానల్‌కి ఇవ్వడం. అప్పుడు దానికి సొంత వాల్యూమ్, సొంత ఈక్యూ ఉంటాయి, హెడ్‌ఫోన్‌లో ముందే విని చూసుకోవచ్చు. ఇదే మంచి పద్ధతి. ఫోనో ఇన్‌పుట్‌కి మాత్రం పెట్టకండి. అది రికార్డ్ ప్లేయర్ సూది నుంచి వచ్చే చిన్న సిగ్నల్ కోసం ఉన్నది, శాంప్లర్ సిగ్నల్ అక్కడ పగిలిపోతుంది. లైన్ ఇన్‌పుట్ కావాలి. చిన్న కంట్రోలర్లలో చాలావాటికి అది ఉండదు. అలాంటప్పుడు సౌండ్ సిస్టం వాళ్ల పెద్ద మిక్సర్‌లోనే శాంప్లర్‌కి ఒక చానల్ అడగాలి.

రెండోది, కంట్రోలర్ నుంచి వచ్చే మొత్తం సౌండ్‌ని శాంప్లర్ గుండా పంపి అక్కడి నుంచి స్పీకర్లకి ఇవ్వడం. మోగుతున్న పాటని అక్కడికక్కడే పట్టి లూప్ చేయొచ్చు, ఎఫెక్టులు వేయొచ్చు. కానీ శాంప్లర్ వైరు ఊడితే ఫెస్ట్ మొత్తం నిశ్శబ్దం. మూడోది సెండ్, రిటర్న్. మిక్సర్ నుంచి ఒక పాయ శాంప్లర్‌కి వెళ్లి, వేరే చానల్‌లోంచి తిరిగొస్తుంది. ఆ తిరిగొచ్చిన చానల్‌కి సెండ్ ఆన్ చేశారా, సౌండ్ తన తోక తనే మింగి కూత పెడుతుంది. మనం కొత్తవాళ్లం కాబట్టి మొదటి పద్ధతి చాలు.

ఇక లెక్క. 120 బీపీఎం పాటలో ఒక బీట్ అర సెకను. నాలుగు బీట్ల లూప్ అంటే 2 సెకన్లు, 48 కిలోహెర్ట్జ్ దగ్గర 96,000 శాంపిళ్లు. కత్తిరించేటప్పుడు 480 శాంపిళ్లు ఎక్కువైతే తేడా 10 మిల్లీసెకన్లు. ఒకసారి వింటే చెవికి ఆనదు. కానీ లూప్ నిమిషానికి 30 సార్లు తిరుగుతుంది. నిమిషం అయ్యేసరికి పాటకీ దరువుకీ మధ్య 300 మిల్లీసెకన్లు, అంటే సగం బీట్ కన్నా ఎక్కువ దూరం. ఆఫ్ బై వన్ తప్పుకి మనకి ప్రోగ్రాం క్రాష్ అవుతుంది, ఇక్కడ డాన్స్ క్రాష్ అవుతుంది. ఈ బాధ లేకుండా మిడి క్లాక్ ఉంది. ఒక బీట్‌కి 24 చొప్పున పల్స్‌లు పంపుతూ రెండు మిషన్లనీ ఒకే అడుగు మీద నడిపిస్తుంది. క్లాక్ పంపే సాఫ్ట్‌వేర్, తీసుకునే శాంప్లర్ రెండూ ఉన్నాయో లేదో కొనేముందే చూసుకోవాలి.

మన దరువు దగ్గర ఇంకో చిక్కుంది. ఈ మిషన్లు చాలావరకు ఒక బీట్‌ని నాలుగు గళ్లుగా కోసుకుని ఆలోచిస్తాయి. తీన్‌మార్ నడక మూడేసిది. బీట్‌లో మూడో వంతు దగ్గర పడాల్సిన దెబ్బని మిషన్ "సరిచేసి" నాలుగో వంతు దగ్గరికి జరుపుతుంది. దరువు బిగుసుకుపోతుంది, కాలు కదలదు. అందుకే ట్రిప్లెట్ గ్రిడ్ ఉన్న శాంప్లరే కొనాలి, లేకపోతే ఆ సరిచేసే క్వాంటైజ్ ఆపేసి చేత్తో కొట్టాలి. పైగా మనుషులు వాయించే డప్పు ఊపు వచ్చేకొద్దీ వేగం పెరుగుతుంది. దాన్ని ఒకే బీపీఎంకి లాగి కట్టేస్తే కొంత పోతుంది. ఏది పోయిందో చెవికి తెలియాలంటే ఒక్కసారైనా మనమే కూర్చుని ఆ దరువుని కొయ్యాలి. రెడీమేడ్ ప్యాక్ వాడేవాడికి అది ఎప్పటికీ తెలియదు.

ఆ దరువు ఎవరిది?

1969లో ది విన్‌స్టన్స్ అనే అమెరికన్ బృందం 'ఆమెన్, బ్రదర్' అనే పాట రికార్డు చేసింది. మధ్యలో డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే నాలుగు బార్లు వాయిస్తాడు. ఆరేడు సెకన్లు. శాంప్లర్లు వచ్చాక ఆ ఆరేడు సెకన్లు వేల పాటల్లోకి వెళ్లాయి. జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే సంగీత రకాలు దాని మీదే నిలబడ్డాయి. కోల్‌మన్‌కి దాని వల్ల ఒక్క డాలర్ రాలేదు. 2006లో ఇల్లు లేని మనిషిగా చనిపోయాడు. 2015లో ఒక బ్రిటిష్ డీజే ఆన్‌లైన్‌లో చందాలు పోగుచేసి, బృందం నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి దాదాపు 24,000 పౌండ్లు అందేలా చేశాడు. కోల్‌మన్ అప్పటికే లేడు.

ఇది ఎక్కడో అమెరికా కథ అనుకుంటే మన బారాత్ చూడండి. ఒకప్పుడు ముందు డప్పు టీమ్ నడిచేది. చాలాచోట్ల ఆ స్థానంలో ఇప్పుడు డీజే బండి వచ్చింది. బండిలో మోగేదేంటి? తీన్‌మార్ డప్పే. మనిషిని పక్కనపెట్టి అతని దరువుని ఉంచుకున్నాం. ఆ ఫైల్ పేరు 'తీన్‌మార్ లూప్ న్యూ ఫైనల్ 2' అని ఉంటుంది. కొట్టినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు.

ఆ డప్పు వెనక ఉన్నవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. తోలు బిగించింది వాళ్లే, మంట దగ్గర కాచి శృతి చేసేదీ, ఒక చేత్తో సిర్ర, ఇంకో చేత్తో సిటికెన పుల్ల పట్టి వాయించేదీ వాళ్లే. చావు దగ్గర డప్పు కొట్టడం వాళ్ల పని అని ఊరు వాళ్ల మీద రుద్దిన చరిత్ర ఉంది. దాన్నే ఆత్మగౌరవ గొంతుగా మార్చుకున్న చరిత్ర కూడా వాళ్లదే. అదే దరువుకి మనం లేజర్ లైట్ల కింద ఎగిరి, పోస్టర్ మీద మాత్రం డీజే పేరు వేసుకుంటే, పాత పద్ధతికి కొత్త కేబుల్ తగిలించినట్టే.

చట్టం కూడా ఇందులో ఉంది. 1957 కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ వాయించినవాళ్లకి ప్రదర్శకుల హక్కు ఇచ్చింది, అది 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణతో, వాయించింది నేనే అని గుర్తించమని అడిగే హక్కు కూడా చేరింది. సాఫ్ట్‌వేర్‌లో లైసెన్స్ ఫైల్ లేకుండా ఎవరి కోడైనా ఎత్తేస్తే ఎంత గొడవ చేస్తాం? దరువుకి ఆ ఫైల్ ఎందుకు వద్దు?

నా షరతు

శాంప్లర్ కొందాం. కానీ దాంట్లోకి వెళ్లే మొదటి శబ్దం డౌన్‌లోడ్ చేసింది కాకూడదు. మన చుట్టుపక్కల ఊళ్లలోంచి ఒక డప్పు టీమ్‌ని పిలుద్దాం. వాయించినందుకు ఒక రేటు, రికార్డింగ్ వాడుకోనిచ్చినందుకు విడిగా ఇంకో మొత్తం ఇద్దాం. దీన్ని ముక్కలు చేసి తిప్పుతాం, ఈ కాలేజీ ప్రోగ్రాముల్లోనే వాడతాం, వేరే ఎవరికీ ఇవ్వం అని తెలుగులో రాసి, చదివి వినిపించి, ఒప్పుకుంటేనే రికార్డు చేద్దాం. ఫైల్ పేరులో వాయించినవాళ్ల పేరు, ఊరు, తేదీ ఉండాలి. ఆ లూప్ మోగుతున్నప్పుడు ఎల్ఈడీ తెర మీద వాళ్ల పేర్లు రావాలి, స్పాన్సర్ లోగో ఉన్నంత సైజులో.

"అలాగైతే డప్పు టీమ్‌నే స్టేజి ఎక్కిస్తే సరిపోతుందిగా, పెట్టె ఎందుకు?" అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. రెండిట్లో ఒక్కటే కుదిరితే టీమ్‌నే పిలవమంటాను. రెండూ ఉంటే బాగుంటుందని నా ఆశ. వాయిస్తుంటే తోలు సడలుతుంది, మధ్యలో మళ్లీ కాచుకోవాలి. ఆ ఖాళీలో సినిమా పాట వేసి ఊపు చంపే బదులు, వాళ్ల లూపే తిరుగుతూ ఉంటే, కాచిన డప్పుతో వచ్చి దాని మీదే మళ్లీ అందుకుంటారు. ఇంకో ప్యాడ్‌లో మన క్లబ్ వాళ్లు చదివిన కవితలో ఒక ముక్క పెట్టొచ్చు. మనకి స్టేజి మీద చోటు దొరకడం లేదని ఎంతకాలం ఏడుద్దాం?

బడ్జెట్ మాట కూడా చెప్పాలి. కొత్త శాంప్లర్ ఓ మోస్తరు ల్యాప్‌టాప్ రేటు ఉంటుంది, సెకండ్‌హ్యాండ్‌లో తగ్గుతుంది. బేస్ బాక్సుల అద్దె ఆ రాత్రితో పోతుంది, శాంప్లర్ మన జూనియర్లకి మిగులుతుంది. సౌండ్ పెంచుకుంటూ పోవడానికి హద్దు కూడా ఉంది. 2000 నాటి శబ్ద నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. హైదరాబాద్ పోలీసులు 2024లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలని నిషేధించేదాకా వెళ్లింది వ్యవహారం. డీజే అంటే చెవులు పగలగొట్టేది అనే పేరు మనమే తెచ్చాం. దాన్ని మార్చుకోవాలంటే ఎంత గట్టిగా మోగింది అనే దగ్గర్నుంచి ఏం మోగింది, ఎవరు వాయించారు అనే దగ్గరికి రావాలి.

వచ్చే కమిటీ మీటింగ్‌లో ఈ ప్రతిపాదన పెడుతున్నాను. ఒప్పుకునేవాళ్లు రండి, ఒప్పుకోనివాళ్లు తప్పకుండా రండి. బేస్ బాక్సుల కొటేషన్ ఎలాగూ ఎవరో ఒకరు తెస్తారు. ఈసారి దాని పక్కన డప్పు టీమ్ రేటు కూడా ఎవరైనా కనుక్కుని రండి.