కోకో తాగే ముందు

బెంగుళూరులో కొందరు గుండ్రంగా కూర్చుని, కళ్ళు మూసుకుని, చిక్కటి కోకో తాగుతున్నారు. నాటి మాయా ప్రజల పూజల్లో వాడిన పానీయమిది. మన గోదావరి కొబ్బరితోటల్లో అంతరపంటే! మా అమ్మాయి ఓ పొట్లం తెచ్చింది. చిన్న అక్షరాలు చదవడం నా ఉద్యోగపు అలవాటు: కప్పుకు 40 గ్రాములట. కోకోలో థియోబ్రొమిన్, కెఫీన్ రెండూ ఉంటాయి. ఎక్కువైతే గుండెదడ, వికారం, నిద్రలేమి. నేను పొద్దుటిపూట 10 గ్రాములే వేడినీళ్ళలో కలుపుకుని నిదానంగా తాగాను. కాకరకాయ నయం! గుండెజబ్బు ఉన్నవారు, దిగులుకు మందులు వాడేవారు, గర్భిణులు డాక్టరునడగకుండా ముట్టుకోవద్దు. పెంపుడు కుక్కకైతే విషమే. గుండెకు మాత్రలు వాడే మా అత్తగారికి వద్దన్నాను. ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.