పక్కటెముకల చాటున

బాలలూ! మీ కుడి అరచేతిని కుడివైపు చివరి పక్కటెముకల మీద ఉంచండి. వాటి చాటున ఉన్నది కాలేయం. పెద్దవారిలో దాని బరువు సుమారు ఒకటిన్నర కిలోలు. ఇప్పుడు ఎడమవైపున చెయ్యి ఉంచండి. అక్కడ, కాస్త వెనకగా, పిడికిలంత ప్లీహం ఉన్నది. చలిజ్వరం, అంటే మలేరియా, ఈ రెండింటినీ వదలదు.

1897 ఆగస్టు 20న మన సికిందరాబాదు చెంత, బేగంపేటలో, రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమను కోసి సూక్ష్మదర్శినితో చూశాడు. నాలుగు రోజుల క్రితం అది హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం తాగింది. దాని పొట్టగోడలో మలేరియా క్రిమి కనబడింది!

మరి, దోమ కుట్టిన రోజునే జ్వరం రాదేం? క్రిములు ముందుగా కాలేయంలో దాగి, వారం రోజులో అంతకు పైగానో అక్కడే వేలకొద్దీ పెరుగుతాయి. ఈ సంగతి 1948లో గాని తేలలేదు. ఆపైన అవి రక్తంలోకి వచ్చి ఎర్రకణాలను పగలగొడతాయి. చలీ, వణుకూ అప్పుడే. పాడైన కణాలను వడకట్టేది ప్లీహం. పని ఎక్కువై అది వాచి, పక్కటెముకల కిందికి దిగుతుంది. మన పెద్దలు దీన్నే "కడుపులో బల్ల" అనేవారు. వైద్యుడు ఎడమ డొక్క కింద వేళ్ళతో తడిమి చూసేది అందుకే.

ఒక జాతి క్రిమి కాలేయంలో నెలల తరబడి నిద్రపోయి మళ్ళీ లేస్తుంది. కనుక జ్వరం తగ్గిందని మందు మధ్యలో మానరాదు. వైద్యుడు చెప్పినన్ని రోజులూ మింగాలి. ఈ మాట ఇంట్లో పెద్దలకు కూడా చదివి వినిపించండి.